నాలుగో వరుసలో ఆకుపచ్చ టోపీ

ఆ ఆదివారం ఉదయం అమెరికాలోని పలూస్ కొండల మీద గోధుమ మొలకలను మంచు కప్పేసింది. వంటింట్లో మార్లిస్ పాన్‌కేకులు పోస్తోంది. ఆమె భర్త ఓరిన్ ఎప్పుడో చల్లారిన కాఫీలో ఇంకా చెంచా తిప్పుతున్నాడు. ఎదురుగా కూతురు తోరా, ఆమె ముందు ఫోను. అందులో వేరే యూనివర్సిటీకి మారే దరఖాస్తు. పంపడానికి ఈరోజే ఆఖరు.

తోరా కాలేజీ వాలీబాల్ జట్టులో ఆడుతుంది. మొదటి రెండేళ్ళూ పోటీలన్నీ పక్క రాష్ట్రాల వాళ్ళతోనే. అమ్మా నాన్నా పికప్ ట్రక్కు వేసుకుని ప్రతి మ్యాచ్‌కీ వచ్చేవారు. నాలుగో వరుసలో నాన్న ఆకుపచ్చ టోపీ ఎత్తితేగాని తోరా సర్వీసు చేసేది కాదు. ఈ ఏడాది పెద్ద కాలేజీలు టీవీ డబ్బు కోసం, కలిసి పోటీలాడే కాలేజీల పాత కూటమిని వదిలిపోయాయి. మిగిలిపోయిన వీళ్ళ కాలేజీ దేశానికి ఆ చివరనున్న కూటమిలో చేరింది. ఇక బయట ఆడాలంటే విమానమే. అదీ సరిగ్గా గోధుమ విత్తే రోజుల్లో.

"అందరూ పోయారు. నువ్వూ పో," అన్నాడు ఓరిన్.

"పొద్దున్నే మొదలెట్టావా?" మార్లిస్ గరిటె చూపించింది.

"వదిలేసింది నువ్వు నాన్నా, నేను కాదు! ఆరుసార్లు అంత దూరం వెళ్ళొచ్చాను. గెలిచారా ఓడారా అని ఒక్కసారి అడిగావా?"

"అడగడం దేనికి? చివరి మ్యాచ్ మూడో సెట్లో వరసగా నాలుగు బంతులు ఎడమవైపే అందించావు. మధ్యలో మీ జట్టు పొడుగు పిల్ల బస్సు ఆపుతున్నట్టు చేతులెత్తుకుని నిలబడింది!"

తోరా నోరు తెరుచుకుపోయింది. "మనింట్లో నెట్ సరిగ్గా రాదు కదా. ఎలా చూశావ్?"

ఓరిన్ మళ్ళీ చెంచా అందుకున్నాడు. మార్లిసే చెప్పింది.

"మీ కాలేజీ జిమ్‌లో సామాన్ల గది ఉందే, అక్కడ. విమానం ఎక్కలేని తల్లిదండ్రులం పదకొండు మందిమి. కాపలా ఆయన ప్రొజెక్టర్ పెట్టి గోడ మీద మీ ఆట వేస్తాడు. మ్యాచ్‌లకి వచ్చినప్పటిలాగే బయట బండి వెనక సాసేజీలు కాలుస్తాం. ఈయన విత్తే యంత్రం ఆపేసి మరీ వస్తాడు. నీ ప్రతి సర్వీసుకీ ఆ గోడకి టోపీ ఎత్తుతాడు."

"నాకు చెప్పలేదేం?"

"గోడకి దండం పెట్టే ముసలాడని నవ్వుతావని," గొణిగాడు ఓరిన్. "పంపెయ్ తల్లీ. ఏ జట్టులో ఉన్నా ఆ గోడ మీద కనబడతావులే."

తోరా అరచేత్తో కళ్ళు తుడుచుకుంది. ఫోను తీసి దరఖాస్తు చెరిపేసింది.

"ఆ పొడుగు పిల్లకి బంతి అందించడం రాకుండా ఎక్కడికి పోతాను?"

మరుసటి సెప్టెంబరు. దేశానికి ఆ చివర, నాలుగో వరుస నిండా కొత్త ముఖాలు. తోరా బంతి పట్టుకుని కెమెరా వైపు తిరిగింది. తల మీద లేని టోపీని పైకెత్తింది.

నాలుగు వేల కిలోమీటర్ల ఇవతల, సామాన్ల గదిలో, పదకొండు టోపీలు ఒక్కసారి లేచాయి.

"మధ్యలో ఇవ్వు!" అవతలి జట్టు బంతి తిప్పికొట్టగానే గోడ మీదికి అరిచాడు ఓరిన్.

బంతి మధ్యకే వెళ్ళింది.