కిటికీ తెరిచే దెయ్యం

మా వర్షాత్స్ ఊళ్లో, కొండ కింది వీధి చివరింట్లో ఒక కొట్టుగది ఉంది. వంటింటికీ, పిల్ల పడుకునే గదికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. దాని ఊసెత్తితే ఆ వీధి ముసలమ్మలు ఇప్పటికీ గుండెల మీద శిలువ గీసుకుంటారు.

అందులో కాసేపు కూచుంటే తల దిమ్మెక్కుతుంది. చెవుల్లో ఎవరో నడుస్తున్నట్టు ఉంటుంది. ఒక చలికాలం ఇంటి పిల్లి వెచ్చగా ఉందని అక్కడ పడుకుంది... లేవలేదు. ఇంకో చలికాలం ఇంటి పెద్దాయన జివాన్ అక్కడే కుర్చీ వేసుకుని కూచున్నాడు... ఆయనా లేవలేదు.

"గుండె" అన్నాడు డాక్టరు.

"ఎవరి కన్నో తగిలింది" అంది ఎదురింటావిడ.

ఆ గదిలో చలికాలం ఇల్లంతా వెచ్చబెట్టే గోడంత బాయిలర్ ఒకటి పొగ కక్కుతూ నిలబడి ఉంది కదా, దాన్ని మాత్రం ఎవరూ అనుమానించలేదు. అనుమానించడానికి అది కోడలు కాదుగా!

ఈ కథ నాకు చెప్పింది ఆ ఇంటి కోడలే, మా పెద్దమ్మ కూతురు ఒలివెరా అక్క. తను చెప్పినట్టే చెబుతున్నాను. మధ్యలో నేను పళ్లు నూరిన చప్పుడు వినిపిస్తే ఏమీ అనుకోకండి.

ముందు ఆ బాయిలర్ సంగతి. జివాన్ మామయ్య ఫ్యాక్టరీలో వెల్డరు. ఫ్యాక్టరీ రేకు తీసుకుని, ఫ్యాక్టరీ కరెంటు వాడుకుని, ఫ్యాక్టరీ జీతం తింటూ తన ఇంటికి బాయిలర్ చేసుకున్నాడు. ఆ ఫ్యాక్టరీ ఎప్పుడో మూతబడింది. బాయిలర్ మాత్రం నడుస్తూనే ఉంది. అదీ వాళ్ల గర్వం. బొగ్గయినా, కట్టెలయినా, మొక్కజొన్న కండెలయినా—ఏది వేస్తే అది తింటుంది. ఒంటి నిండా అతుకులు. వెనక నుంచి ఒక తుప్పు పట్టిన రేకు గొట్టం బయల్దేరి, పాత ఇటుకల పొగగొట్టంలోకి దూరుతుంది. ఆ ఇటుకల లోపల ఏముందో చూసినవాళ్లు లేరు.

"తిహోమిర్, దీన్ని మార్చేద్దాం" అని అక్క మొగుణ్ని అడిగేది. "గొట్టం కూడా. పిల్ల పక్కగదిలో పడుకుంటోంది."

"మా నాన్న చేతులతో చేసింది" అనేవాడు తిహోమిర్. అంతే. అదొక జవాబు అనుకునేవాడు పాపం.

అత్తగారి పేరు విదోసావా. రోడ్డువైపు గదిలో ఉండేది, తన చిన్న పొయ్యి తనకి వేరే. ఆవిడకి ఈ లోకంలో ఒకటే శత్రువు—ప్రోమాయ. అంటే ఎదురెదురుగా తలుపూ కిటికీ తెరిస్తే మధ్యలోంచి దూసుకుపోయే గాలి. మా దేశంలో మనుషులు యుద్ధాలు చూశారు, నోట్ల కట్టలు చిత్తుకాగితాలు కావడం చూశారు. దేనికీ జడవలేదు. ప్రోమాయ అంటే మాత్రం గజగజ. అది తగిలితే మెడ పట్టేస్తుంది, చెవి పోటు, నడుము బిగుసుకుపోవడం, పిల్లలు పుట్టకపోవడం... చదువు రాకపోవడం కూడా దానివల్లేనేమో, అడగలేదు నేను.

ఆ కొట్టుగది గోడకి పైన ఒక వెంటిలేటర్ ఉంది. జివాన్ మామయ్య చనిపోయిన ఆ చలికాలం మొదట్లోనే అత్తగారు అందులో ఆయన పాత ఆకుపచ్చ స్వెటర్ కుక్కేసింది. తనే అల్లిన స్వెటర్. "అక్కడ కూచుంటాడు, మెడకి గాలి తగులుతుంది" అని. ప్రేమతోనే కుక్కింది. ఆ మాట మర్చిపోకండి.

ఆయన పోయాక ఒక శరదృతువులో పొగగొట్టాలు ఊడ్చేవాడు వీధిలోకి వచ్చాడు. నల్ల బట్టలు, భుజాన పొడుగాటి బ్రష్షు. మాకు అతను ఎదురైతే అదృష్టం. చూడగానే చొక్కా గుండీ పట్టుకోవాలి. తిహోమిర్ గుండీ పట్టుకున్నాడు. అత్తగారు పట్టుకుంది. అక్క కూతురు దూన్యా, ఒకటో తరగతి, కోటుకి గుండీ ఊడిపోయిందని నానమ్మ గుండీ పట్టుకుంది.

"లోపలికి వచ్చి చూడమంటారా?" అన్నాడు అతను.

"అయ్యో వద్దు నాయనా!" అంది అత్తగారు. "మాది పొగ బాగానే లాగుతుంది. నువ్వు తలుపులన్నీ తెరుస్తావ్, గాలొస్తుంది. ఇదిగో, ఓ చుక్క రాకియా తాగి వెళ్లు."

ఆ పళ్లసారా తాగి వెళ్లాడు. అదృష్టం గేటు దాకా వచ్చింది, గుండీ పట్టించుకుంది, పక్కింటికి వెళ్లిపోయింది.

తర్వాత కొషవా మొదలైంది. మా వైపు వీచే ఆ గాలి సంగతి ఏం చెప్పను... కొండ మీంచి దిగి ఇళ్ల కప్పుల మీద పడి దొర్లుతుంది. పొగగొట్టాల్లో మూలుగుతుంది. రోజుల తరబడి.

కొషవా వీచిన మొదటి రాత్రి తెల్లారేసరికి దూన్యా మంచంలో కూచుని ఉంది. మొహం పాలిపోయి...

"అమ్మా... తాతయ్య వచ్చాడు."

"ఎక్కడికి?"

"నా గుండెల మీద కూచున్నాడు. బరువు. లేవమంటే లేవలేదు."

తర్వాత భళ్లున వాంతి చేసుకుంది.

"చూశావా!" అంది అత్తగారు. "నిన్న తల తడిగా ఉండగా బయటికి పంపావ్. ప్రోమాయ!"

"నానమ్మా, తాతయ్య..."

"ఆయనా దానికే పోయాడు తల్లీ."

ఆ మర్నాటి పొద్దున... కొట్టుగది కిటికీ బార్లా తెరిచి ఉంది.

తెరిచినవాళ్లు ఎవరూ లేరు. లోపలి గొళ్లెం తీసి ఉంది. నేల మీద మంచు పొడి. అత్తగారు కెవ్వుమంది. కిటికీ తెరిచి ఉండటం చూసి కెవ్వుమందో, దెయ్యం అనుకుని కెవ్వుమందో... ముందు కిటికీ మూసింది, తర్వాత శిలువ గీసుకుంది. దాన్నిబట్టి మీరే తేల్చుకోండి.

ఆ రాత్రి మళ్లీ. ఆ తర్వాతి రాత్రి మళ్లీ.

"జివానే" అని గుసగుసలాడింది అత్తగారు. "ఈ వీధిలో బతికున్న మనిషెవరూ చలికాలం కిటికీ తెరవరు. చచ్చినవాడికే ఆ ధైర్యం ఉంటుంది."

వాదన గట్టిదే.

వీధంతా పాకింది. ఎదురింటావిడ వచ్చి కొట్టుగది గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి మెడ చాచి, తల తిరుగుతోందని వెళ్లిపోయింది. అదీ దెయ్యం ఖాతాలోనే పడింది. చివరికి ఫాదర్ సిమెయోన్‌ని పిలిచారు.

ఆయన సాయంత్రం వచ్చాడు. అప్పటికే చీకటి. గాలి మూలుగుతోంది. తులసికొమ్మతో నీళ్లు చిలకరించాడు. ప్రార్థన చదివాడు. వెలుగుతున్న కొవ్వొత్తి తీసుకుని బాయిలర్ తలుపు దగ్గరికి వంగాడు...

మంట గొట్టం వైపు లాగాలి కదా. లాగలేదు.

ఇటు వంగింది. మనుషుల వైపు. లోపల్నుంచి ఎవరో ఊదుతున్నట్టు...

"ఊదుతున్నాడు..." అంది అత్తగారు.

ఫాదర్ రెండడుగులు వెనక్కి వేశాడు. గడ్డం సర్దుకున్నాడు. "ఆత్మకి శాంతి లేదు" అన్నాడు.

పొగ వెనక్కి తంతోంది అని తెలుసుకోవడానికి చేసే పరీక్ష అదే! పవిత్రమైన కొవ్వొత్తితో, పవిత్రమైన చేత్తో, నలుగురి కళ్ల ముందూ జరిగింది. ఫలితం కూడా సరిగ్గానే వచ్చింది. చదవడమే తలకిందులుగా చదివారు. బాయిలర్ కాళ్ల దగ్గర కప్పు కాఫీ, గ్లాసుడు రాకియా పెట్టమని చెప్పి ఫాదర్ వెళ్లిపోయాడు.

"ఫాదర్ మాట విన్నారు, మంచిదే. బాయిలర్ మేస్త్రీని కూడా పిలుద్దాం" అంది అక్క.

"నువ్వూరుకో" అన్నాడు తిహోమిర్.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. ఆ దెయ్యం ఎవరో నాకు తెలుసు. కాఫీ కలుపుతూ తనే చెప్పింది.

"నేనేనే. ఇంకెవరు?" అంది ఒలివెరా అక్క.

పిల్ల వాంతి చేసుకున్న రోజు పగలు కిటికీ తెరిచింది. అత్తగారు వచ్చి మూసి తిట్టింది. మళ్లీ తెరిచింది. తిహోమిర్ వచ్చి మూసి తిట్టాడు. అందుకని రాత్రి అందరూ పడుకున్నాక వెళ్లి తెరిచింది. పొద్దున్నే దెయ్యం అన్నారు... నోరు మూసుకుంది.

"ఎందుకు చెప్పలేదక్కా?"

"నేను తెరిస్తే మూసేస్తారు. మామయ్య తెరిస్తే దండం పెడుతున్నారు. ఆ ఇంట్లో కోడలి మాట కంటే శవం మాటకి విలువెక్కువ. సరే, శవం గొంతుతోనే చెబుదాం అనుకున్నా. ఇంకో వారం పోతే ఆయన కల్లోకొచ్చి కొత్త బాయిలర్ అడిగేవాడు."

అంతదాకా రానేలేదు. తిహోమిర్ స్క్రూలు తెచ్చాడు. కిటికీ చట్రానికి నాలుగు మూలలా బిగించేశాడు. "దెయ్యం సంగతి దేవుడు చూసుకుంటాడు. చలి సంగతి నేను చూసుకోవాలి" అన్నాడు. ఆ మాటకి అత్తగారు కొడుకు వంక మురిపెంగా చూసింది.

ఆ రాత్రి కొషవా ఎప్పుడూ లేనంతగా వీచింది. తిహోమిర్ తెల్లారేదాకా సరిపోవాలని బాయిలర్ నిండా బొగ్గు కూరాడు. ఆరిపోకుండా నెమ్మదిగా కాలాలని కింది గాలిమూత బిగించాడు. పడుకున్నాడు.

అక్కకి మెలకువ వచ్చింది. తల చుట్టూ ఇనప కట్టు బిగించినట్టు ఉంది. పక్కన తిహోమిర్ గురక వినిపించడం లేదు. ఎప్పుడూ ఆ గురక ఆగితే బాగుండునని అనుకునేది...

కుదిపింది. కదల్లేదు.

"దూన్యా..."

పిలిచాననుకుంది. గొంతు రాలేదు. లేచింది, కాళ్లు తనవి కావు. గోడ పట్టుకుంది. పాకింది. వంటిల్లు దాటింది. కొట్టుగది గుమ్మం దగ్గర చేతులు మడతపడ్డాయి. బుగ్గ నేలకి ఆనింది. పిల్ల గది తలుపు అల్లంత దూరంలోనే ఉంది... చేరలేకపోయింది.

అప్పుడు వినిపించింది.

అడుగులు. చెప్పులు ఈడ్చుకుంటూ... నెమ్మదిగా. దగ్గు. తన తల పక్క నుంచే దాటుకుని కొట్టుగదిలోకి వెళ్లాయి. బాయిలర్ ముందు ఆగాయి.

ఎవరో గుసగుసగా అన్నారు. ఆడగొంతో మగగొంతో తెలియలేదు.

"ఇంకొకళ్లని ఇవ్వను..."

ఫెళ్లున కిటికీ అద్దం పగిలింది. కొషవా ఇంట్లోకి దూకింది.

ఆ తర్వాత అక్కకి గుర్తున్నది పెరడు. మంచు. దుప్పట్లో చుట్టిన దూన్యా వాంతి చేసుకుంటూ, ఏడుస్తూ. అంత ఇష్టంగా విన్న ఏడుపు ఇంకొకటి లేదంది. తిహోమిర్ మెట్ల మీద తల పట్టుకుని కూచున్నాడు. ఎదురింటి వాళ్లు పరిగెత్తుకొచ్చారు. అత్తగారు వాళ్ల మధ్య నిలబడి ఊగిపోతూ అరుస్తోంది—

"జివాన్! జివానే పగలగొట్టాడు! నేను చూశాను!"

ఆసుపత్రిలో డాక్టరు అందర్నీ పడగొట్టినదాని అసలు పేరు చెప్పాడు, కార్బన్ మోనాక్సైడ్. బొగ్గు కాలితే వచ్చే విషవాయువు, వాసన ఉండదు, రంగు ఉండదు. "ఇంకాస్త ఆలస్యమైతే పాప దక్కేది కాదు" అన్నాడు.

"నాన్నే వద్దంటున్నాడు, ఇంకా ఎందుకు ఈ బాయిలర్" అని తిహోమిర్ ఇంటికి రాగానే తేల్చేశాడు. పెళ్లాం మూడు చలికాలాలు అడిగితే కదలనివాడు, చచ్చిన తండ్రి ఒక్క అద్దం పగలగొడితే కదిలాడు. పొగగొట్టం విప్పితే రాలిన ఇటుకలు, వాటి మీద కాకిగూళ్లు, వాటి మీద ఇంకో కాకిగూడు. కాకులు హాయిగా కాపురం చేశాయి. కొత్త బాయిలర్ వచ్చింది. తుప్పు పట్టని కొత్త గొట్టం కప్పు దాకా నిలువునా వెళ్లింది. పాతదాన్ని నలుగురు మోసుకొచ్చి పెరట్లో పడేశారు. దాని వంక తల తిప్పి చూడలేదు అత్తగారు.

చూడలేదు అంటే... చూడలేకపోయింది. మెడ తిరగడం లేదు.

ఆ రాత్రి నుంచీ మెడ ఒక పక్కకి బిగుసుకుపోయింది. నల్ల శాలువా చుట్టుకుని, ఎవరు పలకరించినా ఒళ్లంతా తిరిగి మాట్లాడుతోంది.

"ఏమైందత్తా?"

"దిండు సరిగ్గా లేదు."

ఒక సాయంత్రం అక్క వెచ్చచేసిన రాకియా తెచ్చి, మెడకి రుద్దుతానంది. అత్తగారు వద్దంది. నొప్పి ఓర్చుకోలేక సరేనంది. అక్క శాలువా విప్పింది.

కింద ఇంకొకటి చుట్టి ఉంది. ఆకుపచ్చది. అంచుల్లో మసి. పొగ వాసన.

వెంటిలేటర్లోని స్వెటర్.

అక్క చేతులు ఆగిపోయాయి. అత్తగారు గోడ వైపే చూస్తోంది. ఎటూ ఇంకోవైపు తిరగలేదు కదా.

"నేనే కుక్కానే అది... ఆయనకి గాలి తగలకూడదని."

అక్క గిన్నెలో వేళ్లు ముంచి రుద్దడం మొదలుపెట్టింది. గట్టిగా రుద్దలేదు. అంత కోపం ఉండీ గట్టిగా రుద్దలేకపోయానని నాతో చెప్పుకుంది.

"జివాన్ మంచి పని చేశాడు" అంది చివరికి అత్తగారు.

"అవునత్తా. మెడ పట్టేస్తుందని కూడా చూసుకోలేదు పాపం."

అత్తగారు ఉలిక్కిపడింది. పక్కకి తిరగబోయింది, నొప్పికి ఆగిపోయింది. నవ్వో మూలుగో తెలియని చప్పుడు చేసింది.

బయట కొషవా లేచి కిటికీ రెక్కని కాస్త తోసింది. అక్క అలవాటుగా కిటికీ మూయడానికి లేచింది.

"ఉండనీ" అంది అత్తగారు. "ఒక వేలెడు సందు... ఉండనీ."

అక్క గొళ్లెం మీంచి చెయ్యి తీసింది.

"ఇదిగో అమ్మాయ్" అంది వెనక నుంచి అత్తగారు, గొంతు తగ్గించి. "వీధిలో ఎవరన్నా చూసి అడిగితే మాత్రం... జివానే తెరిచాడని చెప్పు."