మూడు సంతకాల ఫైలు

దేశంలో రహస్య సంస్థలు మూడున్నాయి. మూడోది ఎంత రహస్యమంటే, అందులో చేరిన ఐలయ్యకు ఆఫీసు దొరకడానికే పదకొండు రోజులు పట్టింది.

1999 మే. మధ్యాహ్నం రెండు గంటలు. చందానగర్ మార్కెట్లో చెరుకురసం బండి దగ్గర ఒక నల్లకళ్లద్దాల పెద్దమనిషి పక్కన ఆగాడు ఐలయ్య.

"రసంల అల్లం ఏస్తరా?"

"అల్లం లేదు. నిమ్మకాయ ఉంది," అన్నాడు చీఫ్ మునిస్వామి.

కోడ్ కుదిరింది. "అల్లం ఉంది సార్!" అని బండివాడు మొత్తుకుంటూనే ఉన్నాడు.

"ఇగ విను," అన్నాడు చీఫ్. "పెద్ద ఆనకట్ట గేట్లన్నీ యునిక్స్ కంప్యూటర్ మెషిన్ మీద నడవబోతున్నయి. కొత్త ప్రాసెసర్. ప్రోగ్రాం మనోళ్లే రాసిండ్రు, సక్కగుంది. దాన్ని మెషిన్ భాషలకు మార్చే కంపైలర్ ఎవరిదో ఇయ్యాల నాలుగింటికి సంతకం పెడ్తరు. ఒకటి ఊరికే దొరికేది. ఇంకోటి జెనిట్రా అనే ఫారిన్ కంపెనీది. అది కంపెనీ గాదు, ముఠా."

"అంటే తర్జుమా చేసేటోడే దొంగ?"

"గదే. మనం రాయని మాట ఒకటి మధ్యల ఇరికిస్తడు. వానకాలంల వాళ్లు అక్కడ కూసోని బటన్ నొక్కితే ఇక్కడ గేట్లు లేస్తయి. రుజువు లేదు. నువ్వు తేవాలె."

ఆ ఆనకట్ట కిందే ఐలయ్య అత్తగారి ఊరు. భార్య రేణుక నెలలు నిండి తల్లిగారింట్లోనే ఉంది.

చీఫ్ ఒక పెన్ను ఇచ్చాడు. "ఫోటో తీస్తది. మాటలు రికార్డు చేస్తది. టార్చి ఎలుగుతది."

"రాస్తదా?"

"అన్నీ ఒక్కదాంట్లనే ఎట్లొస్తయిరా?"

మూడు గంటలకు మాదాపూర్‌లో, కంపైలర్‌ను ఎంచే సర్కారు కమిటీ ఉన్న కొత్త అద్దాల బిల్డింగ్‌లోకి ఏసీ మెకానిక్ వేషంలో వెళ్లాడు ఐలయ్య. కంప్యూటర్ రూముకు వెళ్లే ఏసీ మెకానిక్‌ను ఆపే ధైర్యం మంత్రులకు కూడా ఉండదు.

లోపల కృష్ణప్రియ ఉంది. జెనిట్రా కన్సల్టెంట్. ఆమె నడిచొస్తే మాదాపూర్ బండరాళ్లు తల తిప్పి చూస్తాయని పేరు. ఆమె ముఠా మనిషని చీఫ్ అనుమానం. చీఫ్ మనిషని ముఠా అనుమానం.

"ఏసీ బాగానే ఉందండి."

"బాగున్నప్పుడే చూడాలె మేడం."

ఆమె బయటికి వెళ్లింది. ఐలయ్య మెషిన్ ముందు కూర్చున్నాడు. జెనిట్రా కంపైలర్‌ను కమిటీ వంద సార్లు పరీక్షించింది. వంద సార్లూ తప్పు దొరకలేదు. ఎక్కడ దాచారు? లేచి అటూ ఇటూ తిరిగాడు. గోడ మీద నోటీసు కనిపించింది: 'గేట్ అను ఫైలు పేరు మార్చదలచినవారు మూడు సంతకాలు పొందవలెను.'

ఐలయ్య ఆగిపోయాడు. ముఠా మనల్ని బాగా చదివింది! సర్కారు ఆఫీసులో ఒకసారి పెట్టిన ఫైలు పేరు ముప్పై ఏళ్లయినా మారదు. ఆ పేరు కనిపిస్తేనే దొంగ మాట ఇరికించమని కంపైలర్‌కు నేర్పి ఉంటే?

అదే ప్రోగ్రాంను 'అత్త' అనే పేరుతో కాపీ చేశాడు. ఇంగ్లీషులో గేట్‌కూ అత్తకూ నాలుగక్షరాలే, పేరు వల్ల సైజు మారదు. జెనిట్రా కంపైలర్ నడిపించాడు. గేట్ పేరుతో కమిటీ చేయించినది మెషిన్‌లోనే ఉంది, దాని సైజుతో పోలిస్తే చాలు. ముప్పై ఐదు నిమిషాలు పడుతుంది. ఐలయ్య ఏసీ స్క్రూలను పద్నాలుగు సార్లు విప్పి పద్నాలుగు సార్లు బిగించాడు.

మూడూ యాభైకి కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంది. దాని బ్యాటరీ నాలుగు నిమిషాలే వస్తుంది, పనికి ఆరు కావాలి. బిల్డింగ్‌కు బ్రహ్మాండమైన జనరేటర్ ఉంది గానీ, ప్రారంభోత్సవం కానందున ఎవరూ ముట్టుకోకూడదు.

తలుపు తెరుచుకుంది. కృష్ణప్రియ విసురుగా వచ్చి ఒక ప్లగ్ పీకేసింది. స్క్రీన్ నల్లబడింది.

"ఎంత పనిజేసినవ్ మేడం!"

"అరవకండి. సగం కరెంటు తినేది మానిటరేనండి. డిస్కు చప్పుడు వినండి, మెషిన్ నడుస్తూనే ఉంది."

ఐలయ్య విన్నాడు. గరగరా నడుస్తోంది. "అసలు నువ్వు ఎవరి దిక్కు?"

"స్క్రీన్ మీద అత్త పేరు చూడగానే మీ పని అర్థమైందండి. మా ఊరు డెల్టాలో. గేట్లు లేస్తే పై ఊళ్ల తర్వాత మునిగేది మేమే. ఇది నేను చూస్తాను, మీరెళ్లి సంతకం ఆపండి."

కాన్ఫరెన్స్ రూములో కమిటీ ఛైర్మన్ రంగనాథ్ కాగితాల ముందు జేబులు తడుముకుంటున్నాడు. మూడూ యాభై ఎనిమిది.

"నా పెన్ను తీస్కోండి సార్," అన్నాడు ఏసీ మెకానిక్.

రంగనాథ్ గీశాడు. టార్చి వెలిగింది. మళ్లీ గీశాడు. ఛైర్మన్ ముక్కుకు ఫోటో తీసింది. కాగితం మాత్రం తెల్లగానే ఉంది. పక్కనే కూర్చున్న జెనిట్రా బాసు విసుగ్గా తన బంగారు పెన్ను అందించాడు. రంగనాథ్ దాన్ని కాగితానికి ఆనించాడు.

కరెంటు వచ్చింది. వెనకే కృష్ణప్రియ.

"ఆగండి సార్! ఒకే ప్రోగ్రాం, ఒకే కంపైలర్. ఫైలు పేరు అత్త అంటే మామూలు సైజు. గేట్ అంటే ఆరువందల పన్నెండు బైట్లు ఎక్కువ. ఆ ఎక్కువలోనే ఉందండి, బయటినుంచి గేట్లు లేపే మాట."

రంగనాథ్ చేతిలోంచి పెన్ను జారిపోయింది. "పేరు మార్చారా? మూడు సంతకాలు లేకుండానే!"

జెనిట్రా బాసు పరుగెత్తి లిఫ్టులోకి దూకాడు. తలుపులు మూసుకున్నాయి. కరెంటు మళ్లీ పోయింది. పోలీసులు తీరిగ్గా టీ తాగి వచ్చినా అక్కడే ఉన్నాడు.

ఊరికే దొరికే కంపైలర్ ఏ పేరుకైనా ఒకే సైజు ఇచ్చింది. కమిటీ దాన్నే ఎంచుకుంది. ఊరికే వచ్చినదానికి సంతకం ఎక్కడ పెట్టాలన్న చర్చ ఇంకా నడుస్తోంది.

సాయంత్రం ఎస్టీడీ బూత్‌లో అత్త లచ్చమ్మ గొంతు ఖంగుమంది. "ఆడపిల్ల పుట్టింది అల్లుడా! రేణుక మంచిగుంది. నువ్వేమో ఫోన్ జేయవు, రావు. ఆఫీసుల ఒక్కపారన్న ఈ అత్త యాదికొస్తదా?"

"ఇయ్యాల ఆఫీసుల నీ పేరే అత్తా," అన్నాడు ఐలయ్య.

"అబద్ధాలు జెప్పకు!" అని లచ్చమ్మ ఫోన్ పెట్టేసింది. రుజువు ఆరువందల పన్నెండు బైట్లుంది గానీ, అది దేశ రహస్యం.