నాలుగో గది, పదకొండు ఎర్ర దీపాలు

సాయంత్రం ఏడు దాటింది. బయట వాన. పెద్దదేం కాదు, ఆగనిది. గాలి లేదు.

ఆ కోల్డ్ స్టోరేజీలో నాలుగో గదికి మంచి పేరు లేదు. మిగతా గదుల్లోకి పాటలు పాడుకుంటూ పోయేవాళ్ళు కూడా దాని తలుపు దగ్గరికి రాగానే నోరు మూస్తారు. లోపలికి వెళ్ళే ముందు తలుపు మీద రెండుసార్లు తడతారు. ఎందుకని కొత్తవాళ్ళు అడిగితే, "లోపల పెద్దాయన ఉన్నాడు, చెప్పకుండా పోతే బాగుండదు" అంటారు. నవ్వుతూనే అంటారు. తట్టడం మాత్రం మానరు.

పెద్దాయనంటే అక్కడ పనిచేసి పోయిన ఎలక్ట్రీషియన్. అందరికీ బల్బు బాబాయ్. ఎనిమిదేళ్ళ కింద ఒక రాత్రి ఆ గదిలో నిచ్చెన మీది నుంచి పడ్డాడు. తలుపు పక్కనే ఎర్ర గంట బొత్తాం ఉంది. దానికి మూడడుగుల దూరంలో పడ్డాడు. నొక్కితే అందరూ పరిగెత్తుకొచ్చేవాళ్ళే. కానీ నొక్కాలంటే చెయ్యి లేవాలిగా... ఇంటికి వెళ్ళిపోయాడనుకున్నారు. పొద్దున తలుపు తీసేదాకా ఎవరికీ తెలియలేదు.

అప్పట్నుంచి ఆ గదిలో అట్టపెట్టెల వెనక ఎవరో దగ్గుతారని చెప్పుకుంటారు. తెల్లారి చూస్తే మంచు మీద ఒంటి చెప్పు జాడ ఉందని ఒకరు. అబ్బే, రెండు చెప్పులూ ఉన్నాయని ఇంకొకరు.

షిఫ్ట్ ఇన్‌చార్జి ఇవేవీ నమ్మేది కాదు. ఇరవై రెండేళ్ళుగా అక్కడే పని ఆమెది. "బతికున్నప్పుడే ఎవర్నీ ఏమీ అనలేదు. ఇప్పుడంటాడా?" అనేది. అంతకు మించి మాట్లాడే మనిషి కాదు. రెండు నెలల కింద తన రెండో కూతురు అక్కడే ప్యాకింగ్ పనిలో చేరితే, మొదటిరోజే నాలుగో గదిలోకి పంపింది.

"అమ్మా, తట్టాలట కదా?" అంది చిన్నది.

"కోటు గుండీ పెట్టుకో ముందు" అంది తల్లి.

ఆ సాయంత్రం ఆమె బల్ల మీద ఒక కాగితం ఉంది. తొమ్మిదిలోగా నింపి మేనేజరుకు పంపాలి. గదుల్లో పనిచేసేవాళ్ళకు ఏదైనా జరిగితే బయటికి తెలియడానికి ఒంటి మీద పెట్టుకునే పరికరం కొనబోతున్నారు. నెల్లాళ్ళు వాడి చూశారు. ఏది కావాలో రాయాల్సింది ఆమె.

ఫోన్‌లో పెట్టుకునే యాప్ మొదటిరోజే పోయింది. మైనస్ పద్దెనిమిది డిగ్రీల చలిలో ఫోన్లు అరగంటకే కళ్ళు తేలేశాయి. మిగిలినవి రెండు. ఒకటి మెళ్ళో వేసుకునే బొత్తాం. ఆపదొస్తే నొక్కాలి. రెండోది నడుముకు పెట్టుకునే చిన్న డబ్బా. దాన్ని నొక్కక్కర్లేదు. మనిషి నిమిషన్నర కదలకపోతే అదే మోగుతుంది. ఏ గదిలో ఉన్నాడో కూడా ఆమె బల్ల మీది బోర్డులో చూపిస్తుంది... ఒక్కో మనిషికి ఒక్కో ఎర్ర దీపం.

మంచిదే. కానీ మొదటివారం అది ప్రాణం తీసింది. పెట్టెలు లెక్కపెడుతూ నిలబడితే మోగింది. టీ తాగడానికి పోతూ కోటు విప్పి కొక్కేనికి తగిలిస్తే, జేబులో ఉండి మోగింది. పదమూడుసార్లు మోగింది. పదమూడుసార్లూ ఆమె మోకాళ్ళ నొప్పులతో పరిగెత్తింది. పదమూడుసార్లూ ఏమీ లేదు.

"నడుముకు అత్తగారిని కట్టుకున్నట్టుందక్కా" అనేవాడు ఫోర్క్‌లిఫ్ట్ నడిపే గేరు. అతని అసలు పేరు జీతాల చిట్టాలో తప్ప ఎక్కడా లేదు. "కాసేపు ఊరికే నిలబడ్డామా... ఊరంతా వినేలా అరుస్తుంది."

పద్నాలుగోసారి మోగినప్పుడు ఆమెకు ఒళ్ళు మండింది.

"ఏం చేస్తారో చేసుకోండి. నా బల్ల మీద మాత్రం అది మోగకూడదు."

ఆ ఒక్క మాట అంది. అందరి ముందూ అంది.

మర్నాడే గేరు ఉపాయం కనిపెట్టాడు. నాలుగో గదిలో గోడ వారన చల్లగాలి తోసే మోటారు పెట్టె ఒకటుంది. పాతది. జ్వరం వచ్చినట్టు వణుకుతూనే ఉంటుంది. షిఫ్ట్ మొదలవగానే పదకొండు మందీ తమ డబ్బాలు తెచ్చి దాని జాలీకి తగిలించేవాళ్ళు. మోటారు వణుకుతుంటే డబ్బాలూ వణికేవి. మనుషులు కదులుతున్నారనే అనుకునేవి. దిగిపోయేటప్పుడు ఎవరిది వాళ్ళు తీసుకుని బల్ల మీద అప్పజెప్పేవాళ్ళు.

ఆమె చూసింది. పదకొండు డబ్బాలు బుద్ధిమంతుల్లా వరసగా ఊగుతున్నాయి. నవ్వొచ్చింది. ఏమీ అనలేదు.

తొమ్మిది రోజులు ఏదీ మోగలేదు.

ఏడుంపావుకు మేనేజరు ఫోన్ చేశాడు. "ఏం రాశారమ్మా?"

"ఇంకా లేదు సార్."

"బొత్తాం రాసెయ్యండి. గొడవ ఉండదు. అవసరమైనవాడు నొక్కుకుంటాడు."

"రాస్తా సార్."

ఫోన్ పెట్టకుండానే కలం మూత తీసింది. గాజు కిటికీలోంచి చూస్తే లోడింగ్ షెడ్డు కనిపిస్తోంది. లారీ వచ్చి ఉంది. మందపాటి కోట్లు, తల మీద టోపీలు... అందరూ ఒకేలా ఉన్నారు. పెట్టెలు చేతులు మారుతున్నాయి. గేరు ఎవరినో ఆటపట్టిస్తున్నట్టున్నాడు, నవ్వులు వినిపిస్తున్నాయి.

కలం కాగితం మీద ఆనించింది.

బోర్డు మోగింది.

తల తిప్పింది. ఒక దీపం కాదు... పదకొండు. పదకొండూ ఎర్రగా, ఒకేసారి. పదకొండింటి కిందా ఒకటే అంకె.

నాలుగు.

పదకొండు మందీ నాలుగో గదిలో కదలకుండా పడి ఉన్నారని దాని అర్థం.

కుర్చీలోంచి సగం లేచింది. మళ్ళీ తేరుకుంది. డబ్బాలు మోటారు మీద ఉన్నాయి కదా. మోటారు ఆగినట్టుంది. అంతే. ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది.

"మళ్ళీనా?" అన్నాడు మేనేజరు. "చూశారా, అందుకే చెప్తున్నా. ఆపెయ్యండి."

ఆపేసింది. వేలు దానంతటదే బోర్డు బొత్తాం మీదికి పోయింది. మొదటివారం పడ్డ అలవాటు.

ఫోన్ పెట్టేసింది. అంతా నిశ్శబ్దం... రేకుల మీద వాన చప్పుడు తప్ప.

ఎందుకో కలం మళ్ళీ పట్టుకోలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఊరికే... లెక్కపెట్టడం మొదలుపెట్టింది. గేరు, ఒకటి. లారీ మీద ఇద్దరు, మూడు. తలుపు దగ్గర పొడుగావిడ, నాలుగు...

పది.

టోపీలు ఒకేలా ఉన్నాయి, పొరబడి ఉంటుంది. మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి టోపీలు కాదు, నడకలు చూసింది.

పది.

చిన్నది నడిస్తే ఎడమ భుజం కొంచెం పైకి లేస్తుంది. పుట్టినప్పట్నుంచీ అంతే. అలా నడిచేవాళ్ళు ఆ షెడ్డులో ఎవరూ లేరు.

వెనక బోర్డు మళ్ళీ మోగింది. పదకొండు దీపాలు.

షెడ్డులోకి వచ్చి ఒకటే మాట అడిగింది. "చిన్నదేది?"

పొడుగావిడ చేతిలో పెట్టె ఆగిపోయింది. "నాలుగో గదిలో... ఇద్దరమే ఉన్నామక్కా. లారీ వచ్చిందని నన్ను పిలిచారు. 'రెండు వరసలేగా, నేనొక్కదాన్నే చూసుకుంటా పో అత్తా' అంది..."

"ఎప్పుడు?"

"అరగంట... కాలేదేమో..."

ఆమె అప్పటికే నడుస్తోంది. వెనక గేరు బూట్ల చప్పుడు.

ఆ నడవ అరవై అడుగులుంటుంది. ఒకటో గది... లోపల మోటారు హోరు. రెండో గది... హోరు. మూడు... హోరు. దీపాలన్నీ వెలుగుతున్నాయి. కరెంటు ఉంది.

నాలుగో గది ముందు చిన్న కోట్ల గది. ఎవరూ లేరు. కొక్కేలకు కోట్లు వేలాడుతున్నాయి, పక్కన గోడకు మోటారు స్విచ్. చెవి రిక్కించింది.

చప్పుడు లేదు. ఆ మోటారు వణుకు ఇరవై రెండేళ్ళుగా వింటోంది ఆమె. అది లేకపోతే గది గొంతు నొక్కేసినట్టుంది.

"అక్కా..." గేరు గుసగుసగా అన్నాడు. "తట్టవా?"

తట్టలేదు. గడియ లాగింది.

తెల్లటి పొగలా చలి కాళ్ళ మీద పడింది. లోపల, మోటారు పెట్టె మీద పదకొండు డబ్బాలు. ఒక్కటీ ఊగడం లేదు. అన్నీ కిచకిచమంటున్నాయి. ఒక్కో డబ్బాకు ఒక్కో ఎర్రచుక్క... ఆరుతూ, వెలుగుతూ.

"అమ్మలూ!"

వరసల మధ్యకు పరిగెత్తింది.

రెండో వరస చివర పెట్టెలు ఒరిగి ఉన్నాయి. వాటి కింద నుంచి ఒక బూటు.

పెట్టెలు ఎలా లాగారో ఇద్దరికీ తర్వాత గుర్తులేదు. పిల్ల వెల్లకిలా పడి ఉంది. జారి పడ్డట్టుంది. తల కింద మంచు ఎర్రగా ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. కనురెప్పల వెంట్రుకల మీద తెల్లటి నూగు.

"ఊపిరుంది" అన్నాడు గేరు. "అక్కా, ఊపిరుంది. పట్టు!"

తొమ్మిదిన్నరకు షిఫ్ట్ దిగితే తప్ప ఎవరూ చూడని చోటు అది. అప్పుడు టైము ఏడూ ఇరవై ఎనిమిది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కుట్లు వేసి బయటికి వచ్చింది. "స్పృహ వచ్చింది. భయం లేదు. ఇంకో అరగంట ఆలస్యమై ఉంటే మాత్రం..." అని, తల్లి మొహం చూసి ఆపేసింది.

డబ్బాల సంగతి అప్పటికే విన్న మేనేజరు తడిసిన గొడుగుతో వచ్చాడు. "దేవుడి దయ అమ్మా. మోటారు లోడెక్కువై ట్రిప్పయి ఉంటుంది. లేకపోతే ఆ డబ్బాలు మోగేవే కావు."

గేరు నేల చూపులు చూశాడు. మేనేజరు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళేదాకా ఆగి, దగ్గరికి జరిగాడు.

"ట్రిప్పవలేదక్కా."

ఆమె తలెత్తి చూసింది.

"ట్రిప్పయితే స్విచ్ పిడి మధ్యలో ఆగుతుంది. నీకూ తెలుసు. కోట్ల గదిలో చూశాను... పిడి పూర్తిగా కిందికి ఉంది. చేత్తో దించితేనే అలా ఉంటుంది."

"ఎవరు దించారు?"

"అదే నేనూ అడుగుతున్నా. పది మందిమీ షెడ్డులోనే ఉన్నాం. నీ కళ్ళ ముందే ఉన్నాం."

ఉన్నారు. ఆమె రెండుసార్లు లెక్కపెట్టింది.

లోపలికి వెళ్ళి పిల్ల పక్కన కూర్చుంది. చెయ్యి ఇంకా చల్లగానే ఉంది.

"అమ్మా... నువ్వు తిడతావనుకున్నా."

"ఎందుకు?"

"డబ్బా నడుముకు లేదుగా."

తల్లి దుప్పటి భుజాల దాకా లాగింది. "తిట్టాల్సింది నిన్ను కాదే" అంది.

చిన్నది కాసేపు కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకుంది తల్లి. అంతలో...

"అమ్మా, మోటారు ఆపిన తాత ఎవరు?"

"ఏ తాత?"

"ఏమో. కనిపించలేదు. మాట వినిపించింది. నేను లేవలేకపోతున్నా. ఆ మోత చెవుల్లో గింగురుమంటోంది. ఎవరో దగ్గారు... తర్వాత విసుక్కున్నట్టు అన్నారు... 'ఎవరూ చూడకుండా ఊరికే తిరుగుతుందేమిటిది' అని. టక్‌మంది. మోత ఆగిపోయింది."

తల్లి చెయ్యి పిల్ల చేతి మీద అలాగే ఉండిపోయింది.

ఆ మాట పిల్లకు తెలియదు. పిల్ల చేరి రెండు నెలలు. ఆమె మాత్రం ఆ మాటను ఒకప్పుడు రోజుకు పదిసార్లు వినేది. ఖాళీ గదిలో ఫ్యాను తిరిగినా, పగలు లైటు వెలిగినా, అదే విసుగు, అదే దగ్గు, అదే మాట. అంటూనే స్విచ్ దించేసేవాడు బల్బు బాబాయ్.

"నిద్రపో" అంది.

మర్నాడు మేనేజరు కాగితం అడిగాడు. ఇచ్చింది. నడుముకు పెట్టుకునే డబ్బాయే రాసింది. కోటు పైన కట్టుకునేలా పటకా కుట్టించాలని రాసింది. కింద ఇంకో రెండు ముక్కలు: 'మోగిన ప్రతిసారీ మనిషి వెళ్ళి చూడాలి. చూడకుండా ఆపేసింది నేనే.'

"ఈ చివరి ముక్క అవసరమా అమ్మా?" అన్నాడు మేనేజరు.

"అవసరమే సార్."

నాలుగో రోజు సాయంత్రం చిన్నదాన్ని ఇంటికి తెచ్చుకుంది. తలకు కట్టు, కళ్ళ కింద నలుపు. రెండు ముద్దలు తిని పడుకుంది. షిఫ్ట్ మాత్రం నడుస్తూనే ఉంది, చిన్నది లేకుండా.

పది దాటాక ఆమె ఫోన్ తీసుకుని ఒక్కొక్కరికీ చేయడం మొదలుపెట్టింది.

"ఇల్లు చేరావా?"

"చేరానక్కా. ఏంటీ టైములో?" అన్నాడు గేరు. "మా ఆవిడ అనుమానంగా చూస్తోంది, కాస్త నువ్వే చెప్పు."

"తలుపేసుకో. ఒకటి."

"ఏంటొకటి?"

పెట్టేసింది.

పొడుగావిడ చేరింది. లారీ మీది ఇద్దరూ చేరారు. ఒకడు బస్సులో ఉన్నానన్నాడు. వాడు దిగి, మెట్లెక్కి, ఇంట్లో కాలు పెట్టేదాకా ఫోన్ పెట్టనివ్వలేదు. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు... పదో మనిషి నిద్రమత్తులో తిట్టి మరీ చెప్పాడు, చేరానని.

లేచి లోపలి గదిలోకి వెళ్ళింది. లైటు వేయలేదు. మంచం పక్కన వంగి, పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టింది. వెచ్చగా తగిలింది.

"పదకొండు" అంది, తనకే వినిపించేంత మెల్లగా.

అందరూ చేరారు.

మంచం అంచున కూర్చుంది. కాసేపాగి, వేళ్ళు మడుస్తూ మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.

"గేరు, ఒకటి..."