అటు చివర

మిషన్ల కొట్టాయన మూడో బల్ల చూపించేసరికి పుల్లకి నీరసం వచ్చేసింది.

"ఇదీ ఎత్తేనండీ."

"బల్లకి ఎత్తు చూస్తావేంటమ్మాయ్, పెళ్లిచూపులా?" అన్నాడాయన. "ఇదిగో, ఇనపది. వంగదు, వణకదు. బరువనుకుంటే అల్యూమినియంది తీసుకో. ఏదైనా నిలబడి పనిచేసే ఎత్తులోనే వస్తుంది. కూర్చుని రౌటర్ ఎవరాడిస్తారు చెప్పు?"

చెక్కకి గాళ్లు తీసే ఆ రౌటర్ మిషను ఆడించేది పుల్లే. బల్లకి అటువైపు కూర్చుని చెక్క అందుకోవలసింది వాళ్ల నాన్న, చక్రాల కుర్చీలో. ఆ మాట కొట్లో చెప్పబుద్ధి కాక నవ్వేసి బయటపడింది.

పీలగా ఉంటుందని అమ్మ ముద్దుగా పుల్ల అంది. అందరికీ పుల్లలు పెడుతుందని ఆ పేరు అలాగే ఉండిపోయింది. నాన్న వడ్రంగి. ఇంటి వెనక రేకుల షెడ్డు ఆయనది. పక్కన నిలబడి చూస్తూ చూస్తూ పని నేర్చేసుకుంది పుల్ల. ఆయన నేర్పిందల్లా ఒక్కటే, పొడుగాటి చెక్క పలక చేతులు మారే పద్ధతి. ఇటువాడు తోస్తూ "పట్టావా?" అనాలి. అటువాడు "పట్టా" అనాలి. ఆ మాట వినిపించేదాకా ఇటువాడు వదలకూడదు. పట్టా అన్నవాడు, ఇంకొకరు పట్టా అనేదాకా వదలకూడదు. "కన్ను మోసం చేస్తుంది, మాట చెయ్యదు" అనేవాడు.

వానలకి ముందు ఆయన షెడ్డులో కూలబడిపోయాడు. కుడివైపంతా పడిపోయింది. మాట కూడా పోయింది, ఒక్కటి తప్ప.

"పట్టా."

అన్నం పెడితే పట్టా. దుప్పటి కప్పితే పట్టా. ఎవరూ లేని గదిలోంచి కూడా, మధ్యాహ్నాలు, మెల్లగా... పట్టా.

"ఊళ్లో వాళ్లందరికీ పొలాలు పంచేస్తున్నాడే మీ నాన్న" అనేది అమ్మ, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతూ. "పొద్దున్నుంచీ పట్టాలే పట్టాలు!"

ఇంకో వింత ఆయన ఎడమ చెయ్యి. బాగున్న చెయ్యే. కానీ పిడికిలి తెరవడు. నిద్రలో కూడా తెరవడు. నరాలకి ఏమీ కాలేదు, పిడికిలి ఎందుకు బిగించాడో తెలీదన్నాడు మాటల డాక్టరు. అలవాటైన పనిలో పెట్టి చూడండి, ఇంకొక్క మాట... రెండో మాట ఒక్కటి వచ్చిందంటే మిగతావి దాని వెనకే వచ్చేస్తాయి అన్నాడు.

ఆ రెండో మాట కోసమే ఈ బల్ల.

చివరికి తనే కట్టుకుంది. ఎవరింట్లోనో వంటగట్టు చెక్కలో సింకు పట్టడానికి కోసి తీసేసిన ముక్క దొరికింది. మందంగా, పైన నున్నటి రేకుతో, చెక్క జర్రున జారిపోయేలా ఉంది. నాన్న కుర్చీ చేతుల ఎత్తుకి కాళ్లు కోసింది. నడిమధ్య కన్నం చేసి, కింద రౌటర్‌ని గబ్బిలంలా తలకిందులుగా వేలాడదీసింది. గాడి కోసే బిట్టు ఒక్కటే కన్నంలోంచి తల పెట్టి గిర్రున తిరుగుతుంది. దాని మీదుగా చెక్కని తోస్తే గాడి పడుతుంది.

"చిల్లు చెయ్యగా మిగిలిన ముక్కకి మళ్లీ చిల్లా? దాని ఖర్మ" అంది అమ్మ, కాళ్లకి జిగురు రాసిస్తూ. కాసేపు పోయాక, ఏదో గుర్తొచ్చినట్టు చెయ్యి ఆపింది.

"ఆరోజు నేను వచ్చేసరికి కింద కూలబడి ఉన్నాడా... ఎడంచేత్తో పెద్ద పలక పట్టుకునే ఉన్నాడే. అటు చివర..."

"ఆఁ, అటు చివర?"

"నేలకి ఆనలేదు. గాల్లో ఉన్నట్టుంది. నేను కేకేసేసరికి ధబ్బున పడింది."

"ఏ స్టూలు మీదో ఆని ఉంటుందిలేమ్మా."

"అంతే అయ్యుంటుంది" అంది అమ్మ. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

బల్ల పూర్తయిన సాయంత్రం ముసురు పట్టింది. అమ్మ గొడుగేసుకుని మందుల షాపుకి వెళ్లింది. పుల్ల నాన్న కుర్చీని షెడ్డులోకి తోసుకొచ్చి, బల్లకి అటువైపు నిలిపింది. జల్లు లోపలికి కొడుతోందని తలుపు దగ్గరకి వేసింది. రేకుల మీద వాన. దూలానికి వేలాడే బల్బు. తడిసిన రంపంపొట్టు వాసన, జిగురు వాసన.

"ఏం చెయ్యక్కర్లేదు నాన్నా. వస్తుంటే పట్టుకో, అంతే. కొత్త పనా నీకు?"

ఆయన ఆమెని చూడలేదు. తన భుజం మీదుగా, వెనక్కి చూస్తున్నాడు.

స్విచ్చి వేసింది. రౌటర్ గొంతెత్తింది. పొడుగాటి పలకని బల్ల మీద పెట్టి మెల్లగా తోసింది. గాడి పడుతోంది. పొట్టు ఎగురుతోంది. సగం దాటింది. ఇక అటువైపు బరువెక్కి వాలాలి. అక్కడే ఎవరైనా అందుకోవాలి. అలవాటుగా నోరు అనేసింది.

"పట్టావా?"

"పట్టా."

పలక తేలికైపోయింది.

పుల్ల గుండె ఎగిరి గంతేసింది. పట్టుకున్నాడు! చెయ్యి తెరిచాడు! పొట్టు కళ్లలో పడుతున్నా తల ఎత్తి చూసింది.

నాన్న పిడికిలి ఒళ్లోనే ఉంది. బిగించే ఉంది.

పలక ఆయన మోచేతి పక్కనుంచి, కుర్చీ దాటి, వెనక చీకట్లోకి వెళ్లింది. తిన్నగా ఉంది. వాలలేదు. వణకలేదు... పనితెలిసిన చెయ్యి పట్టుకున్నట్టు.

స్విచ్చి కట్టేసింది. బిట్టు తిరిగి తిరిగి ఆగింది. వాన చప్పుడు ఒక్కటే మిగిలింది.

"ఎవరూ?"

ఎండి ఏళ్లయిన పలక అది. అయినా పచ్చిచెట్టుని అప్పుడే నరికినట్టు... చెమ్మ వాసన. పలకని మెల్లగా తనవైపు లాగింది. వచ్చింది. కాస్త వదులుతూ, కాస్త ఆపుతూ, ఎవరో ఇస్తున్నట్టే వచ్చింది.

"నాన్నా... లోపలికి పోదాం. నాన్నా..."

అప్పుడు చూశాడు నాన్న, ఆమె కళ్లలోకి. పడిపోయిన తర్వాత మొదటిసారి. పెదవులు కదిలాయి. మెడనరాలు తేలాయి. కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి. వద్దు వద్దు అన్నట్టు తల ఊగుతోంది. నోరు మాత్రం తెరుచుకుంటోంది.

"ప... ప..."

పుల్ల భయం మరిచిపోయింది. పట్టా కాదది. వేరేది. రెండో మాట!

"అను నాన్నా! అనూ!"

"పట్టా... వా?"

ఇన్నాళ్లూ ఇంటిల్లిపాదీ ఎదురుచూసిన మాట. ఏడుపూ నవ్వూ కలిసి తన్నుకొచ్చాయి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ ప్రశ్నకి ఆమె నోటికి తెలిసిన జవాబు ఒక్కటే.

"పట్టా నాన్నా! పట్టా!"

ఆయన పిడికిలి తెరుచుకుంది.

వేలు తర్వాత వేలు. అరచెయ్యి పాలిపోయి, గోళ్లు దిగిన గుంటలతో ఉంది. లోపల ఏమీ లేదు. గుండెల నిండా ఊపిరి తీసుకుని వదిలాడు. కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

పుల్ల ఎడమ చేతిలోకి బరువు వచ్చింది.

కళ్లు తుడుచుకోబోతే చెయ్యి లేవలేదు. వేళ్లు ముడుచుకుపోయాయి. కుడిచేత్తో వాటిని విప్పబోయింది. కదల్లేదు. పలక బల్ల మీదే ఉంది, తను ముట్టుకోవడం లేదు. అయినా చేతిలో ఏదో ఉంది. పొడుగాటిది. చాలా పొడుగాటిది. అటు చివర ఎవరో ఉన్నారు. నిలబడ్డ మనిషి ఒక కాలి మీంచి ఇంకో కాలికి బరువు మార్చుకుంటే పలకలో తెలుస్తుందే... అలా తెలిసింది.

నాన్నా, ఇదేంటి, అందామనుకుంది.

"పట్టా" అంది నోరు.

తలుపు తోసుకుని అమ్మ వచ్చింది, గొడుగు విదిలిస్తూ.

"ఈ చీకట్లో ఏం చేస్తున్నార్రా తండ్రీకూతుళ్లు?"

"తలంతా తడిపేసుకున్నావే" అన్నాడు నాన్న, స్పష్టంగా. "ముందు తుడుచుకో."

అమ్మ చేతిలో మందులు కింద పడిపోయాయి. ఒక్క పరుగున వచ్చి ఆయన మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "మాటొచ్చిందే! పుల్లా, విన్నావుటే? మాటొచ్చింది!"

"పట్టా" అంది పుల్ల.

"ఇంకా ఎగతాళేనా? వాతలు పెడతాను."

"పట్టా. పట్టా. పట్టా!"

అమ్మ నవ్వు మెల్లగా ఆగిపోయింది. నాన్న మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఇప్పుడు నాన్న కర్ర ఊతంతో నడుస్తున్నాడు. పుల్ల మంచం పట్టింది, నోట ఆ ఒక్క మాటే. డాక్టరుకి అంతు పట్టడం లేదు. ఆడపిల్ల, నాన్న బాగుపడ్డ ఆనందంలో మనసుకి దెబ్బ తగిలి ఉంటుంది, అదే సర్దుకుంటుంది అన్నాడు. అమ్మ ఇంట్లో లేనప్పుడు ఒకసారి, నాన్న పుల్ల మంచం దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"నేను అడగలేదు తల్లీ" అన్నాడు, గుసగుసగా. "నోరు అడిగింది."

ఏమిటది, ఎవరు, అని పుల్ల కళ్లతో అడిగింది. ఆయన చెప్పలేదు. తెలియదో, చెప్పకూడదో.

అమ్మ రోజంతా ఎదురుగా కూర్చుంటుంది. "నా తల్లి కదూ, ఇంకొక్క మాట. ఏదో ఒకటి, అమ్మా అను, ఛీ అను, ఒక్కటి అనవే" అని బతిమాలుతుంది. ఆ రెండో మాట నాలుక వెనక ఊరుతోందని పుల్లకి తెలుసు. పళ్లు బిగించి ఆపుతోంది. అది బయటికొస్తే అమ్మ సంతోషంతో ఏం జవాబు చెబుతుందో కూడా తెలుసు. నిద్రపోవాలంటే భయం. నిద్రలో పళ్లు వదులవుతాయి.

నాన్న ఆ గదిలోంచే వంటింట్లోకి వెళ్తాడు. మొదట్లో మంచానికి ఎదురుగా ఉన్న ఖాళీలోంచి నడిచేవాడు కాదు. గోడ వారగా, ఆ చివర కిటికీ దాకా వెళ్లి, చుట్టూ తిరిగి వచ్చేవాడు, అక్కడేదో అడ్డంగా ఉన్నట్టు. తర్వాత తర్వాత ఆ చుట్టు తగ్గుతూ వచ్చింది. కిటికీ దాకా కాదు, బీరువా దాకా. ఆ పైన కుర్చీ దాకా. పుల్ల చేతిలో ఉన్నదీ అలాగే పొట్టిదవుతూ వచ్చింది.

ఈ పొద్దున ఆయన చుట్టూ తిరగలేదు. మంచం పక్కనే ఆగాడు. పుల్ల మోకాలికి కాస్త ఎదురుగా ఉన్న ఖాళీని తల ఎత్తి, బాగా పైకి ఎత్తి చూశాడు. భుజం ఒంచి, దేనికీ తగలకుండా, పక్కకి తప్పుకుని వెళ్లిపోయాడు.