చివరి మేకు పచ్చగాజులు

బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీ బయట ఎండ మండిపోతోంది. నల్ల టార్పాలిన్ గుడారం లోపల మాత్రం కటిక చీకటి. మగ్గిన తోతాపురి కాయల వాసన గొంతులో తియ్యగా పేరుకుంటోంది. ఆ చీకట్లో హృషీకేశ్ పక్కన నిలబడటమే కమలినికి పండగలా ఉంది. మేనత్త కొడుకు. కాయల్లో కలిసిపోయిన లోహం, గాజు ముక్కల్ని పసిగట్టే కెమెరా ఒకటి తయారుచేసినాడు. ఇవాళ ఓనరు ముందు అది పనిచేస్తే అతని ఉద్యోగం ఖాయం. అప్పుడే పెండ్లి అని నాయన తేల్చి చెప్పినాడు.

"ఈ ఫిల్టరు నా చలువ కళ్లద్దాల లాంటిదే కమలీ. ఒక్క దిక్కున ఊగే వెలుతురునే వదుల్తాది. తిప్పి తిప్పి ఫోటోలు తీస్తే, వస్తువు వంపులేందో, అది దేంతో చేసిందో కంప్యూటరు చెప్తాది."

"నా మనసు దేంతో చేసిందో చెప్తాదా బావా?"

"రాయి అంటాది."

కమలిని అతని వీపున ఒకటి చరిచింది.

కాయ పెడితే తెర మీద 'తొక్క' అని వచ్చింది. గరిటె పెడితే 'లోహం'. ఇక గాజు కావాలి.

ఆడవాళ్లు కాయలు మోసే బెల్టు కాడ పనికి పోయేముందు గాజులు తీసి, దారం కట్టి, ఫ్యాక్టరీ గోడ మేకులకు తగిలించి పోతారు. ఎవరి మేకు వాళ్లది. కమలిని గాజులూ అక్కడే ఉన్నాయి. "నీవి పగిలితే పెండ్లికి మంచిది కాదు" అంటూ హృషీకేశ్ చివరి మేకుకున్న దుమ్ముపట్టిన పచ్చగాజులు తెచ్చినాడు.

వాచ్‌మన్ చెంగయ్య టార్పాలిన్ లాగి అరిచినాడు.

"ఏమప్పా, అవి ప్రసన్నకుమారివి! బెల్టు కాడికి పోయిన మనిషి మళ్లీ రాలే. ఆ గాజులు ఎవురూ ముట్టరు. తగిలించు పో!"

"గాజులకేం తెలుస్తాదిలే అన్నా."

నల్లగుడ్డ మీద గాజులు పెట్టినాడు. ఫిల్టరు తిప్పినాడు. టిక్... టిక్...

తెర మీద గాజులు రూపు కట్టినాయి. వాటి లోపల... మణికట్టు. అరచెయ్యి. ముడుచుకున్న వేళ్లు.

పక్కన 'చర్మం' అని ఉంది.

గుడ్డ మీద మాత్రం ఉత్త గాజులే.

"ఏదో తప్పుగా లెక్కేసింది." మళ్లీ తీసినాడు. ఈసారి వేళ్లు విచ్చుకున్నాయి. చూపుడువేలు కమలిని వైపు తిరిగి ఉంది...

"బావా... తగిలించెయ్. భయంగా ఉండాది."

"ఓనరు వచ్చే పొద్దాయ. ఇప్పుడు వదిలేస్తే మన పెండ్లి?"

గాజులు జరపడానికి చెయ్యి పెట్టినాడు. కెమెరా దానంతట అదే టిక్‌మంది. తెర మీద అతని చెయ్యి. దాన్ని బిగించి పట్టుకున్న ఇంకో చెయ్యి.

'చర్మం'. 'చర్మం'.

ఇద్దరి మధ్యా కుళ్లిన మామిడి వాసనతో ఒక ఊపిరి...

"తొడుగు..."

గాజులు మేకుకు తగిలించి, ఓనరునీ ఉద్యోగాన్నీ వదిలేసి, బండెక్కి హైవే మీద పడ్డారు.

కొంత దూరం పోయినాక ఎండకు హృషీకేశ్ చలువ కళ్లద్దాలు పెట్టుకున్నాడు. బండి అద్దంలోకి చూసినాడు. బండి ఒక్కసారి వంకర పోయింది.

"కమలీ... నువ్వు యాడ కూసున్నావు?"

"నీ ఎనకాలే బావా."

అతను కళ్లద్దాలు పీకి రోడ్డు మీదికి విసిరేసినాడు.

కమలిని అతని నడుము పట్టుకుందామని ముందుకు జరిగింది. మోకాళ్లకు చల్లగా ఏదో తగిలింది. మళ్లీ జరిగింది. ఇద్దరి మధ్యా ఆ జానెడు సందు పూడలేదు.

ఆమె చేతులు బోసిగా ఉన్నాయి. తన గాజులు ఫ్యాక్టరీ మేకుకే ఉండిపోయినాయి.

బండి గుంతలో పడి ఎగిరింది. గాజులు గలగలమన్నాయి.