మార్చినవి మాత్రమే చూపు

పద్మజ రెండో వేలు విరిగేసరికి గోడ గడియారం తొమ్మిదీ పది చూపిస్తోంది.

విరిచింది రెబెక్కా. మచ్చ బొల్లారం సేఫ్ హౌస్‌లో కౌంటర్ ఇంటెలిజెన్స్ ఏజెంట్‌గా ఆమెకున్న ఆర్డర్ ఒక్కటే: నోరు తెరిపించు. అరుపులు పక్కింటికి వినపడకుండా టీవీలో భక్తి పాటలు గట్టిగా మోగుతున్నాయి.

ఏజెన్సీ కబుర్లు మోసే కొరియర్‌ను తొమ్మిదిన్నరకు విదేశీ ముఠా లేపేస్తుందని పొద్దున ఇంటర్‌సెప్ట్ దొరికింది. ఎక్కడో తెలీదు. కొరియర్ పేరు ఏలియా. ఇంజనీరింగ్ కాలేజీ బస్సు డ్రైవరు, రెబెక్కాకు స్వయానా బాబాయి. ఈ పనిలోకి దింపింది ఆమే. కొరియర్ దగ్గర ఫోన్ ఉండకూడదన్నది చీఫ్ చక్రపాణి పెట్టిన రూలు.

ఏలియా రూటు తెలిసినవాళ్లు ముగ్గురు. చక్రపాణి, రెబెక్కా, పద్మజ. ఆరు నెలల క్రితం దాకా పద్మజ ఆ ముఠా మనిషి. పట్టుచీర, ఖరీదైన సెంటు, డబుల్ ఏజెంట్. అనుమానానికి ఇంకేం కావాలి?

"ఎవలికి చెప్పినవ్?"

"ఎవరికీ చెప్పలేదు."

"బస్సుల నలభై మంది పిల్లలున్నరు. నీకింకా ఎనిమిది వేళ్లున్నయ్."

"లెక్కల్లో గట్టివారే." పద్మజ నెత్తురు ఉమ్మింది. "ఎవరికి చెప్పానన్నదే అడుగుతున్నారు. ఎక్కడ వెతకాలో అడిగితే ఎప్పుడో చెప్పేదాన్ని. ఆ ల్యాప్‌టాప్ తీయండి."

అది సేఫ్ హౌస్‌లో అందరూ వాడేది. "జూసిన. మెయిల్ లేదు, హిస్టరీ లేదు. అంతా సాఫ్."

"బ్రౌజర్ మెనూలో కనపడని ఆప్షన్లు కొన్ని వేలుంటాయి. అడ్రస్ బార్‌లో అబౌట్ కాన్ఫిగ్ అని కొట్టండి. ముఠా వాళ్లు కబుర్లు అందులో దాస్తారు. ఇక్కడా, ముఠా దగ్గరా ఒకే అకౌంట్, సింక్. ఇక్కడ మార్చింది అక్కడ కనిపిస్తుంది."

రెబెక్కా కొట్టింది. జాగ్రత్త అంటూ పెద్ద పెద్ద అక్షరాల హెచ్చరిక. దాన్ని దాటితే అంతులేని జాబితా.

"ఇవన్నీ ఎప్పుడు జదవాలె?"

"పైన గడి ఉంది చూడండి. మార్చినవి మాత్రమే చూపు. టిక్ పెట్టండి."

జాబితా కుంచించుకుపోయింది. మధ్యలో అర్థంలేని పేరుతో ఒక ఆప్షన్. దాని ఎదుట: కండ్లకోయ జంక్షన్, 9:30, కాలేజీ బస్సు 14.

తొమ్మిదీ ఇరవై ఒకటి. రెబెక్కా ఆ వాక్యం చెరిపేసి కొత్తది కొట్టింది: ప్లాన్ మారింది. షామీర్‌పేట చెరువు కట్ట, 10:00, తెల్ల కారు. తర్వాత ఫోన్ తీసి తన సాయుధ బృందాన్ని ఆ కట్ట మీదికి పంపింది.

తొమ్మిదీ ఇరవై ఎనిమిదికి వాక్యం దానంతటదే మారింది: ఓకే. బయల్దేరాం.

రెబెక్కా ఊపిరి వదిలింది. అప్పుడు కనపడింది కింది వరస. అక్షరాల కనీస సైజు: 26.

పొద్దుట్నుంచి ఆ తెర మీద అక్షరాలు అంత పెద్దగా ఎందుకున్నాయో ఆమె ఆలోచించలేదు. తన చూపు బాగుంది. పద్మజది ఇంకా బాగుంది. రెండేళ్లుగా ఏ ఫైలిచ్చినా "నువ్వు చదువమ్మా, వింటాను" అనే మనిషి ఒక్కడున్నాడు. కళ్లజోడు పెట్టుకుంటే ఫీల్డ్ పోస్టింగ్ పోతుందని ఆయన భయం.

తలుపు తెరుచుకుంది. చక్రపాణి.

"ఏమ్మా, పేరు చెప్పిందా?"

"తెలిసింది సార్. రాసిన." చిన్న అక్షరాల్లో రాసిన కాగితం అందించింది.

ఆయన దాన్ని చేయి చాచి చూశాడు. దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

"నేననుకున్నదే. పద్మజ. పని కానిచ్చేయ్."

రెబెక్కా పిస్టల్ ఆయన చెవి వెనక ఆనింది. రెండో చేత్తో కాగితం లాక్కుని పద్మజ కుర్చీ వైపు తిప్పింది.

"కూసోండ్రి సార్. మీకు పదికి పది వేళ్లున్నయ్. పద్మజగారూ, అక్కడికి కనపడతాందా?"

"శుభ్రంగా." విరిగిన వేళ్లను ఒళ్లో పెట్టుకుని పద్మజ పైకి చదివింది.

"చక్రపాణి."