ఫలకం మీద చివరి వరుస

"మనిషి బతికుండాలి. మిగతావన్నీ తర్వాత," అన్నాడు చీఫ్, ఫైలు ముందుకు నెడుతూ.

ఎదుట కూర్చున్నవాణ్ని ఆఫీసంతా కొంగ అంటుంది. గంటల తరబడి ఒకేచోట కదలకుండా కాపు కాయగలడని పాతికేళ్ల కిందట పెట్టిన కోడ్‌నేమ్. ఇప్పుడు కాసేపు నిలబడితే చాలు, మోకాళ్లు సలుపుతున్నాయి.

ఫైల్లో ఉన్నది లెక్కల మాస్టారి ఫొటో. నది అవతలి దేశపు గూఢచారి ముఠాకు ముప్పై ఏళ్లు సంకేతభాష తయారుచేసి, పోయిన నెల ఇటు వచ్చేశాడు. ముఠా మనుషుల పేర్లన్నీ ఆయన బుర్రలోనే ఉన్నాయి. రేపు కోర్టులో చెప్పాలి.

"ఇవాళ పదకొండింటికి పాత రేవుకు వెళ్లి అక్కడి ఫలకం చదవాలట," అన్నాడు చీఫ్.

"దానికోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటాడా?"

"నేనూ అదే అన్నానయ్యా. వింటేగా. చిన్నప్పుడు వచ్చిన వరదలో వాళ్లమ్మ ఆ రేవులోనే ఉండిపోయిందట."

పదిన్నరకల్లా కొంగ రేవులో ఉన్నాడు. వేషం ఫొటోగ్రాఫర్. కోటు గుండీలో మరో కెమెరా. చెవిలో వినికిడి యంత్రం, అందులో వైర్‌లెస్. దాన్ని మొదట్లో వేషం కోసం పెట్టుకున్నాడు. ఇప్పుడది లేకపోతే నిజంగానే వినిపించదు.

రేవు గోడకు ఇత్తడి ఫలకం. వరద రోజున ఒక సరంగు రెండు వందల మంది పిల్లల్ని పడవలో అవతలికి చేర్చాడని రాసి ఉంది. చివరి వరుస: తల్లులు ఈ మెట్ల మీదే నిలబడిపోయారు. ఆ పేట వాళ్లకో అలవాటు. అటుగా వెళ్లే ప్రతివాళ్లూ ఆ వరుస మీద అరచెయ్యి ఆనించి మరీ వెళతారు. నిన్న సాయంత్రం నుంచి మాత్రం చుట్టూ తాడు కట్టి, ఎవర్నీ దగ్గరికి రానివ్వడం లేదు.

"అవతలి ఒడ్డు కనిపిస్తోందా?" వెనక నుంచి ఆడగొంతు.

"మంచు విడితే కనిపిస్తుంది," అన్నాడు, తల తిప్పకుండానే. కోడ్ సరిపోయింది.

ఎర్ర గొడుగు, చలువ కళ్లద్దాలు, టూరిస్ట్ గైడ్ బ్యాడ్జి. నెమలి. రెండు దేశాల జీతమూ తింటున్న డబుల్ ఏజెంట్. ఒకప్పుడు ఒక మిషన్ కోసం మూడేళ్లు అతని భార్యగా నటించింది. మిషన్ ముగిసిన రోజు రైలెక్కి, కిటికీ తలుపు దించేసుకుంది.

"ఏమండీ, ఇంకా ఆ కోటేనా?"

"నువ్వు కొన్నదేగా. విషయం చెప్పు."

"తుపాకీ లేదు, బాంబు లేదు. మాస్టారు తనంతట తానే చస్తాడని మావాళ్లు నవ్వుకుంటున్నారు. నాకు తెలిసింది అంతే. నన్నూ నమ్మడం మానేశారు."

"నేను నమ్మాలా?"

"అలవాటు పోయిందా?" గొడుగు మడిచింది. "వెళ్తున్నా." బయల్దేరేవాళ్లు ఎవరైనా వస్తానంటారు. ఆమె ఆనాడూ ఈనాడూ వెళ్తాననే అంది. అతను తిరిగి చూసేసరికి జనంలో కలిసిపోయింది.

తనంతట తానే. అంటే ఏం చేస్తాడు? ఫలకం చదువుతాడు. తర్వాత?

కారు వచ్చి ఆగింది. మాస్టారు ఒక్కో మెట్టూ దిగుతున్నాడు.

కొంగ తాడు దగ్గరున్న కానిస్టేబుల్ని అడిగాడు. "బాబూ, ఈ ఫలకాన్ని ఎవరైనా ముట్టుకున్నారా?"

"మెరుగు పెట్టడానికి నిన్న పట్టుకెళ్లి రాత్రి తెచ్చి బిగించారు సార్. పెద్దలు వస్తున్నారు కదా."

కొంగ కళ్లజోడు సర్దుకుని చూశాడు. మెరుగు పెడితే ఇత్తడి మెరుస్తుంది, నిజమే. కానీ అరవై ఏళ్లు అరచేతులు రాసుకున్న అక్షరాలు అరిగి ఉండాలి కదా? చివరి వరుస అక్షరాలు నిన్న చెక్కినంత పదునుగా ఉన్నాయి. ఈ నకలు చేసినవాడెవడో ఆ చేతుల్ని చూశాడు. అవి ఇన్నేళ్లుగా చేసిన పనిని చూడలేదు.

మాస్టారు తాడు దాటాడు. పెదవులు కదుపుతూ చదివాడు. చెయ్యి చాచాడు.

కొంగ మోకాళ్ల సంగతి మర్చిపోయి దూకాడు. ఇత్తడికి బెత్తెడు దూరంలో ఆ మణికట్టు దొరికింది.

"వదలవయ్యా," అన్నాడు మాస్టారు. "మా అమ్మ చెయ్యి వదిలింది ఇక్కడే."

"ఒక్క నిమిషం ఆగండి మాస్టారూ."

కొంగ కెమెరా తోలుసంచిని చివరి వరుస మీద ఆనించి నొక్కాడు. టిక్‌మంది. సంచిలోకి దిగిన సన్నటి సూది కొసన పచ్చటి చుక్క.

మెరుగు పెట్టినవాళ్లు మధ్యాహ్నానికి పడవల షెడ్డులో దొరికారు. గోనెపట్టాలో చుట్టిన అసలు ఫలకమూ అక్కడే దొరికింది. సాయంత్రం దాన్ని తిరిగి బిగించారు. మాస్టారు అరిగిన అక్షరాల మీద చెయ్యి ఆనించి, చాలాసేపు తియ్యలేదు. ఎవరూ తొందరపెట్టలేదు.

కొంగ మెట్టు మీద కూలబడి మోకాలు నొక్కుకున్నాడు. చెవిలో చీఫ్ గొంతు. "శభాష్. నీకేమైనా కావాలా?"

"నాకూ ఓ ఫలకం పెట్టించండి సార్. ఇక్కడే, దాని పక్కన."

"ఏమని రాయించాలి?"

"ఇవాళ పదకొండు గంటలకు ఈ చోట ఏమీ జరగలేదని."

"దానికి మూడు శాఖల అనుమతి కావాలయ్యా," అన్నాడు చీఫ్. "ముందు రిపోర్టు రాయి."